సెక్షన్ ఊరంతటికీ ఒకటే, గొడవ మాత్రం ఏ ఊరిది ఆ ఊరిదే

ఏటా డిసెంబరు చివరి వారంలో మనకో తంతు ఉంది. జిల్లా ఎస్పీలు, కమిషనర్లు, ఆ తర్వాత డీజీపీ వరసగా ప్రెస్ మీట్లు పెట్టి ఈ ఏడాది నేరాలు ఇంత శాతం పెరిగాయి, ఇంత శాతం తగ్గాయి అని చదువుతారు. మర్నాడు జిల్లా ఎడిషన్లో ఒక గ్రాఫ్ వస్తుంది. తగ్గితే పోలీసులు భేష్, పెరిగితే ప్రతిపక్షం వాళ్ళ ప్రెస్ మీట్. హత్యలూ దొంగతనాల వరకూ ఆ లెక్కకి కొంత అర్థం ఉంది, ఎందుకంటే శవాన్ని దాచడం కష్టం, బండి పోయినవాడికి ఇన్సూరెన్స్ కోసమైనా ఎఫ్ఐఆర్ కావాలి. కానీ అల్లర్లు, వీధి కొట్లాటలు, తాగి రభస చేయడం, ఊరేగింపుల్లో గొడవలు, వీటి దగ్గరికి వచ్చేసరికి ఆ అంకె ఊళ్ళో ఏం జరిగిందో చెప్పదు. ఆ ఏడాది స్టేషన్లో ఏ పని మీద మనసు పెట్టారో చెబుతుంది, అంతే.

పెట్టీ కేసులు చూడండి. హైదరాబాద్‌లో ఇవి ఎక్కువగా నిజాం కాలపు సిటీ పోలీస్ యాక్ట్, అదే 1348 ఫసలీ చట్టం కింద రాస్తారు. ఆంధ్ర ప్రాంతంలో అయితే మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో 1889లో చేసిన టౌన్ న్యూసెన్సెస్ చట్టం ఇప్పటికీ పనికొస్తోంది. రోడ్డు మీద తాగి అరవడం, దారికి అడ్డంగా బండి పెట్టడం లాంటి చిల్లర గొడవలన్నీ ఇందులోకే. వీటి మీద స్టేషన్‌కి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చేవాళ్ళు తక్కువ, పోలీసులే వెళ్ళి రాస్తారు. కొత్త సీఐ వచ్చి వారం రోజులు డ్రైవ్ పెడితే ఆ నెల కేసులు పెరుగుతాయి, సిబ్బంది అంతా ఎన్నికల బందోబస్తుకి వెళ్తే పడిపోతాయి. వీధి అదే, జనం వాళ్ళే, తాగేవాళ్ళు కూడా వాళ్ళే. ఇంకో ముచ్చట. తాగి బహిరంగంగా వీరంగం వేస్తే పాత ఐపీసీలో 24 గంటల జైలు లేదా పది రూపాయల దాకా జరిమానా ఉండేది. 1860లో పెట్టిన ఆ పది రూపాయలు 2024 జూన్ 30 దాకా చట్టంలో అలాగే ఉన్నాయి. జులై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చాక అది వెయ్యి రూపాయలైంది, సమాజ సేవ అనే కొత్త శిక్ష కూడా చేరింది.

ఇక అల్లర్లు అనే గడి. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క ప్రకారం దేశం మొత్తం మీద 2020లో 51 వేలకి పైగా అల్లర్ల కేసులు, 2022 నాటికి అవి 38 వేల లోపుకి దిగాయి. ఈ అంకె చూసి అమ్మో ఇన్ని మత కలహాలా అనుకుంటారు కొందరు. కాదు. 2022లో మతపరమైనవిగా నమోదైనవి 300 లోపే. మిగతావాటిలో గట్టు తగాదాలు, ఇంటి దారి తగాదాలు, కుటుంబాల కొట్లాటలు, రాజకీయ కక్షలు, ఇలా ఎన్నో ఉంటాయి. మన పల్లెల్లో పొలం గట్టు మీద రెండు కుటుంబాలు కర్రలతో కొట్టుకుంటే, ఒక వైపు ఐదుగురు ఉంటే చాలు, నిన్నమొన్నటి దాకా ఎఫ్ఐఆర్‌లో అల్లర్లకి సంబంధించిన ఐపీసీ సెక్షన్లు 147, 148, 149 వరసగా పడిపోయేవి. ఇప్పుడు నంబర్లు మారాయి, పద్ధతి అదే. పైగా ఎన్‌సీఆర్‌బీకి ఇంకో నియమం ఉంది, ఒక కేసులో పది సెక్షన్లున్నా అన్నిటికన్నా పెద్ద నేరం కిందే దాన్ని లెక్కేస్తారు. అంటే అల్లరి మూక వెళ్ళి ఒక మనిషిని చంపితే అది హత్యల లెక్కలోకి పోతుంది, అల్లర్ల లెక్కలో కనపడదు. ఎంత పెద్ద అల్లరైతే అల్లర్ల పట్టికలోంచి తప్పుకునే అవకాశం అంత ఎక్కువన్నమాట! ఇది చాలదన్నట్టు 2023 సంవత్సరం రిపోర్టు 2025 సెప్టెంబరు చివరికి గానీ బయటకి రాలేదు. అప్పటికి ఆంధ్రలో ప్రభుత్వం మారి ఏడాది దాటింది, తెలంగాణలో రెండేళ్ళు కావస్తోంది. ఎవరి పాలన గురించి ఎవరిని అడగాలి?

కాబట్టి రాష్ట్రం మొత్తానికి ఒక శాతం అనే మాట పక్కన పెట్టి, ఎక్కడ ఏ గొడవ పుడుతుందో చూస్తే మనకి చాలా స్పష్టమైన మ్యాపు కనపడుతుంది.

పల్నాడులో గొడవకి సీజన్ ఎన్నికలు. 2020 మార్చిలో స్థానిక ఎన్నికల నామినేషన్ల సమయంలో విజయవాడ నుంచి వెళ్ళిన టీడీపీ నాయకుల కారు మీద మాచర్లలో దాడి జరిగింది. 2022 డిసెంబరులో అదే మాచర్లలో మళ్ళీ రెండు పార్టీల వాళ్ళు కొట్టుకున్నారు, ఇళ్ళూ వాహనాలూ తగలబడ్డాయి. ఇవన్నీ తెలిసిన తర్వాత కూడా 2024 మే 13న పోలింగ్ రోజూ, ఆ తర్వాతా అక్కడ జరిగింది దేశమంతా చూసింది. మూడు రోజుల్లో ఎన్నికల సంఘం పల్నాడు, అనంతపురం ఎస్పీల్ని సస్పెండ్ చేయించింది, పల్నాడు కలెక్టర్‌నీ తిరుపతి ఎస్పీనీ బదిలీ చేసింది, సీఎస్, డీజీపీల్ని ఢిల్లీ పిలిపించి అడిగింది. జూన్ 4 కౌంటింగ్‌కి ముందు సీసాల్లో పెట్రోలు అమ్మొద్దని బంకులకి ఆర్డరు వేశారు. పొలంలో మోటారుకి లీటరు పెట్రోలు కావాల్సిన రైతు ఏం చేయాలో ఆర్డరులో ఉండదు కదా. సరే, ఆ నెల గడిచింది. జులైలో వినుకొండలో నడిరోడ్డు మీద అందరూ చూస్తుండగా ఒక యువకుణ్ణి నరికేశారు, ఆ వీడియో ఫోన్లన్నీ తిరిగింది. అతని పార్టీ రాజకీయ హత్య అంది, పోలీసులు వ్యక్తిగత కక్ష అన్నారు. పట్టికలో అది ఏ గడిలో పడుతుందో ఊహించుకోండి. నిజానికి పల్నాడులో ఈ రెండింటినీ విడదీసి చూపించగల మొనగాడు ఎవరూ లేరు. అక్కడ చేపల చెరువు లీజు దగ్గర మొదలైన కక్ష కూడా చివరికి జెండా పట్టుకునే తిరుగుతుంది.

కోనసీమది వేరే కథ. 2022 మేలో జిల్లా పేరులో అంబేడ్కర్ పేరు చేరుస్తూ ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. అభ్యంతరాలు చెప్పడానికి గడువూ ఇచ్చింది. పేరు మార్పు వద్దన్న ఆందోళనలో మే 24న అమలాపురంలో మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు, బస్సులు కాలిపోయాయి, ఎస్పీకే దెబ్బలు తగిలాయి. గమనించాల్సింది ఏమిటంటే, ఆ రోజు అమలాపురంలో నిషేధాజ్ఞలు అమల్లో ఉన్నాయి. ర్యాలీకి పర్మిషన్ లేదని పోలీసులు ముందే చెప్పారు. తర్వాత రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు, వర్క్ ఫ్రం హోమ్ చేసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకి, పక్క జిల్లాలకి పోయారు. ఏడాది తిరక్కుండానే 2023 మార్చిలో కులాల పెద్దల్ని కూర్చోబెట్టి, మాట్లాడించి, ఆ కేసులు ఎత్తేయాలని అప్పటి ప్రభుత్వం నిర్ణయించింది. ఆ కూర్చోబెట్టడం మంచిదే. నోటిఫికేషన్ ఇచ్చిన మే 18కీ, ఇళ్ళు కాలిన మే 24కీ మధ్య ఉన్న ఆరు రోజుల్లో ఎందుకు జరగలేదన్నదే నా ప్రశ్న.

అదే గోదావరి జిల్లాల్లో జనవరి వస్తే ఇంకో రకం వ్యవహారం. కోడిపందేలు నేరం, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ప్రకారమూ నేరం, 2016 డిసెంబరులో హైకోర్టు గట్టిగా చెప్పింది కూడా. ఏటా సంక్రాంతికి ముందు బ్యానర్లు కడతారు, కత్తులు కట్టేవాళ్ళని బైండోవర్ చేస్తారు, అంటే గొడవ చేయమని పూచీకత్తు రాయించుకుంటారు, గుమిగూడొద్దని సెక్షన్ పెడతారు. భోగి పొద్దున్నే బరులు మొదలు. ఫ్లడ్ లైట్లు, గుండాట, ఎల్‌ఈడీ తెర మీద స్కోరు, పార్కింగ్‌కి టోకెన్లు, ప్రజాప్రతినిధులే రిబ్బన్ కట్ చేస్తారు. నేను ఈ పందేల్ని సమర్థించట్లేదు, తిట్టడానికీ కాదు ఈ వ్యాసం. అందరి కళ్ళ ముందు అమలు కాని ఒక ఆర్డరు, అదే భాషలో, అదే సంతకంతో, ఏప్రిల్లో ఒక ధర్నా మీద పెట్టినప్పుడు దానికి గౌరవం ఎక్కణ్ణించి వస్తుంది?

కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి బన్ని ఉత్సవం. మాళ మల్లేశ్వరస్వామి విగ్రహాల కోసం ఊళ్ళకి ఊళ్ళు కర్రలతో తలపడతాయి, ఏటా పదుల సంఖ్యలో తలలు పగులుతాయి. పోలీసులు వందల మందిని దించుతారు, డ్రోన్లు, కెమెరాలు, ఇనప రింగులు తొడిగిన కర్రల స్వాధీనం, తాగి రావద్దని ఊరూరా సభలు. దీన్ని అల్లరి అని రాస్తే ఊరంతా నిందితులే, రాయకపోతే గాయాలకి లెక్కే లేదు. చట్టం చేతిలో దీనికి సరైన గడి లేదు, చుట్టూ అంబులెన్సులు నిలబెట్టడం ఒక్కటే నిజంగా పనికొచ్చే పని. ఆ పక్కనే ఒకప్పుడు బాంబులతో, వేటకొడవళ్ళతో మండిపోయిన ఫ్యాక్షన్ గ్రామాలు ఇప్పుడు బాగా చల్లబడ్డాయి. ఏ సెక్షన్ వల్ల? పిల్లలు బెంగళూరు, హైదరాబాద్ పోయి ఉద్యోగాలు చేసుకోవడం, నాయకులకి కాంట్రాక్టులు రుచి మరగడం, ఇవే పెద్ద కారణాలని నా అభిప్రాయం. పోలీసుల పాత్ర లేదనను, కానీ క్రెడిట్ మొత్తం వాళ్ళది కాదు.

తెలంగాణలో ఉత్తరానికి వెళ్తే భైంసా. 2008 అక్టోబరులో దుర్గ నిమజ్జనం ఊరేగింపు దగ్గర మొదలైన గొడవ వాతోలి గ్రామంలో ఒకే కుటుంబంలో ఆరుగురు సజీవ దహనం అయ్యేదాకా పోయింది. 2020 జనవరిలో మళ్ళీ ఇళ్ళు కాలాయి, ఆసారి మొదలైంది సైలెన్సర్ తీసేసిన బైకుల శబ్దం మీద మాటామాటా పెరిగి అని అప్పట్లో వార్తలొచ్చాయి. 2021 మార్చిలో ఇంకోసారి. 2024 సెప్టెంబరులో ఆసిఫాబాద్ జిల్లా జైనూరులో ఒక ఆదివాసీ మహిళ మీద దాడి జరిగిన తర్వాత బంద్ పిలుపు, ఆ బంద్ రోజు షాపులు తగలబెట్టడం, ఇంటర్నెట్ కట్. బైకు శబ్దం అనేది ట్రాఫిక్ పోలీసు వెయ్యి రూపాయల చలానాతో తేల్చేయగల సంగతి. భైంసా లాంటి చోట ఆ చలానా ఒక్కటి టైముకి పడితే పది పికెట్లంత పని చేస్తుంది. కానీ చలానా వేసినందుకు ఏ ఎస్సైకీ మెడల్ రాదు, అల్లరి అణిచినందుకు వస్తుంది.

ఇన్ని రకాల గొడవలకి మన దగ్గరున్న సామాను మాత్రం ఒకటే మూట. గుమిగూడొద్దని చెప్పే పాత 144, ఇప్పుడు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 163. ఆంధ్రలో దానికి తోడు సభలకీ ఊరేగింపులకీ పోలీసు అనుమతి కావాలనే 1861 పోలీసు చట్టం సెక్షన్ 30, సిపాయిల తిరుగుబాటు జరిగిన నాలుగేళ్ళకి తెల్లవాడు రాసుకున్నది. బైండోవర్లు. చలో అనే మాటతో మొదలయ్యే ఏ కార్యక్రమానికైనా ముందు రోజు రాత్రి నాయకుల ఇళ్ళ ముందు పోలీసు జీపులు, దానికి హౌస్ అరెస్ట్ అని పేరు. ఆ పేరుతో ఇంటి ముందు కానిస్టేబుల్‌ని నిలబెట్టే అధికారం ఏ సెక్షన్లో ఉందో అడిగితే నోటీసు చూపిస్తారు, నోటీసులో ఉన్నది వేరే.

2022 ఫిబ్రవరి 3 గుర్తు చేసుకోండి. పీఆర్సీ, అంటే జీతాల సవరణ మీద ప్రభుత్వ ఉద్యోగుల చలో విజయవాడ. పర్మిషన్ లేదు, రైల్వే స్టేషన్లలో, టోల్ గేట్ల దగ్గర ఐడీ కార్డులు చూసి వెనక్కి పంపారు, ముందు రోజు నుంచే ఇళ్ళ దగ్గర కాపలా. అయినా వేషాలు మార్చుకుని, పెళ్ళికి పోతున్నాం అని చెప్పి బీఆర్టీఎస్ రోడ్డుకి వేల మంది చేరారు. ఏమైంది? ఏమీ కాలేదు. నినాదాలిచ్చి, పాటలు పాడి, ఇళ్ళకి పోయారు. పన్నెండు రోజులకి డీజీపీ మారారు. అంటే ప్రభుత్వానికి ఇబ్బందిగా మారింది జనం రావడమే తప్ప, జనం చేసిందేమీ కాదు. నాలుగు నెలలు తిరక్కుండా అమలాపురం. రెండు చోట్లా ఆంక్షలున్నాయి. ఒక చోట అవసరం లేదు, ఇంకో చోట సరిపోలేదు. ఎవరు గుమిగూడుతున్నారు, ఎందుకు, వాళ్ళతో మాట్లాడగల మనిషి ఎవరు అన్నది తెలుసుకోకుండా ఒకే కాగితం అతికిస్తే ఇలాగే ఉంటుంది.

తెలంగాణలో దీనికి జోడీ ఉదాహరణ 2024 అక్టోబరు చివర్లో. దీపావళికి నాలుగు రోజుల ముందు హైదరాబాద్ కమిషనరేట్ నెల రోజుల పాటు ఐదుగురు, అంతకి మించి గుమిగూడొద్దని 163 కింద ఆర్డరిచ్చింది. పండగ చేసుకోవచ్చా లేదా అని జనం తికమకపడ్డారు, పండగకి సంబంధం లేదని పోలీసులు మళ్ళీ వివరణ ఇచ్చుకున్నారు. ధర్నాలు ఇందిరా పార్కు దగ్గర చేసుకోవచ్చన్నారు. ఆ రోజుల్లో రోడ్డెక్కింది ఎవరనుకున్నారు? స్పెషల్ పోలీస్ బెటాలియన్ కానిస్టేబుళ్ళ భార్యలు, పిల్లలు. ఇళ్ళకి దూరంగా డ్యూటీలు వేస్తున్నారు, రాష్ట్రమంతా ఒకే పోలీసు విధానం పెట్టండి అని. రేపు మనల్ని గుమిగూడొద్దని చెప్పాల్సిన కానిస్టేబుల్ ఇంటి గోడు కూడా గుమిగూడితేనే వినపడే పరిస్థితి!

జనం గుంపు కట్టడం వల్ల ప్రాణాలు పోవా అంటే పోతాయి. 2022 డిసెంబరు 28న కందుకూరులో 8 మంది, 2023 జనవరి 1న గుంటూరులో చీరల పంపిణీ దగ్గర ముగ్గురు తొక్కిసలాటలో చనిపోయారు. ఆ మర్నాడే జీవో నంబరు 1 వచ్చింది, రోడ్ల మీద సభలూ ర్యాలీలూ వద్దని. మే నెలలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తొక్కిసలాట అనేది దారి వెడల్పు, బారికేడ్లు, లోపలికీ బయటికీ వేర్వేరు దారులు, ఒక చోట ఎంతమందిని నిలబెట్టొచ్చనే లెక్క, వీటికి సంబంధించిన సమస్య. అది ఇంజనీరు పని, అనుమతి ఇచ్చే అధికారి పని. దాన్ని సభలే వద్దనే స్థాయికి తీసుకెళ్ళారు. 2024 డిసెంబరులో సంధ్య థియేటర్ దగ్గర, 2025 జనవరిలో తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర జరిగినవి రాజకీయ సభలు కావు. అయినా మనుషులు పోయారు. ఆ పాఠం జీవోలో రాసుకోలేదు.

ఇప్పుడు అసలు విషయం. రాజ్యాంగం కూడా, కోర్టులు కూడా ఒక తేడా ఎప్పుడో చెప్పాయి. 1965లో రామ్ మనోహర్ లోహియా కేసులో జస్టిస్ హిదయతుల్లా మూడు వలయాలు గీసి చూపించారు. అన్నిటికన్నా పెద్దది మామూలు శాంతిభద్రతలు, దాని లోపల చిన్నది ప్రజల ఉమ్మడి జీవితం దెబ్బతినే పరిస్థితి, అందులో ఇంకా చిన్నది దేశ భద్రత. ఇద్దరు తాగి కొట్టుకుంటే మొదటి వలయం. రెండు మతాల వాళ్ళు కొట్టుకునేలా ఉంటే రెండోది. ముందస్తు నిర్బంధం లాంటి పెద్ద ఆయుధం రెండో వలయం నుంచే వాడాలి. ఇది చదవడానికి ఐపీఎస్ అక్కర్లేదు, అర్థం కావడానికి అరగంట చాలు.

మన దగ్గర ఏం జరిగింది? 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన పీడీ యాక్ట్, అంటే ముందస్తు నిర్బంధ చట్టం, మొదట సారా దొంగ వ్యాపారులు, బందిపోట్లు, గూండాలు, భూకబ్జాదారుల లాంటి కొన్ని రకాల మీదే. తెలంగాణ వచ్చాక అందులో నకిలీ విత్తనాలు, కల్తీ ఆహారం, నకిలీ పత్రాలు, సైబర్ నేరం, ఆర్థిక నేరం అన్నీ చేర్చారు. బెయిలొచ్చిన మనిషిని విచారణ లేకుండా 12 నెలల దాకా లోపల ఉంచొచ్చు. 2021 ఆగస్టులో షేర్ మార్కెట్ మోసం కేసులో సుప్రీంకోర్టు, దీనికీ ప్రజాశాంతికీ ఏం సంబంధం అని ఆర్డరు కొట్టేసింది. 2023 సెప్టెంబరులో మళ్ళీ ఇంకో కేసులో, అమృత మహోత్సవాలు జరుపుకుంటున్న దేశంలో మీ పోలీసు అధికారులకి స్వేచ్ఛ పట్టదా అన్న ధోరణిలో చాలా ఘాటుగా రాసింది. 2024 మార్చిలో గొలుసు దొంగతనాల కేసులో మూడోసారి, ఈసారి ఆ నిర్బంధాల్ని పరిశీలించే సలహా మండళ్ళకి కూడా చీవాట్లు పడ్డాయి. గొలుసు దొంగని వదిలేయమని ఎవరూ అనట్లేదు. కేసు గట్టిగా కట్టి, సాక్షుల్ని నిలబెట్టి, శిక్ష వేయించడం ఓపిక కావాల్సిన పని, పీడీ యాక్ట్ పెట్టడం ఒక రాత్రి పని. దాంతో ఏమవుతుందంటే, నిజంగా నగరం వేడెక్కినప్పుడు కూడా కాగితం నిలబడదు. 2022 ఆగస్టులో ప్రవక్త మీద వ్యాఖ్యలతో ఎమ్మెల్యే రాజాసింగ్ పెట్టిన వీడియో తర్వాత పాతబస్తీలో రాత్రిళ్ళు వందల మంది రోడ్ల మీదున్నారు, అది రెండో వలయం అని ఎవరైనా ఒప్పుకుంటారు. ఆ పీడీ ఆర్డరుని కూడా నవంబరులో హైకోర్టు పక్కన పెట్టింది.

ఇవన్నీ పెద్ద గొడవలు. మామూలు మనిషికి రోజూ ఉండే భయం వేరే సైజుది. రాత్రి పదకొండుకి షిఫ్టు దిగి బస్టాపు నుంచి సందు లోపలికి నడిచే అమ్మాయికి కావాల్సింది వెలుతురు, ఒక తెరిచి ఉన్న టీ కొట్టు, ఫోన్ చేస్తే ఎత్తే స్టేషను. హైదరాబాద్‌లో ఆపరేషన్ చబుత్ర పేరుతో అర్ధరాత్రి అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్ళని ఎత్తుకుపోయి, తల్లిదండ్రుల్ని పిలిచి కౌన్సెలింగ్ ఇచ్చేవారు. పాతబస్తీలో రెండు గదుల ఇంట్లో ఎనిమిది మంది ఉండే కుటుంబంలో పిల్లాడు వేసవి రాత్రి అరుగు మీద కాక ఎక్కడ కూర్చుంటాడు? 2024 జూన్‌లో పదిన్నర, పదకొండుకే షాపులు మూయించడం మొదలెడితే పెద్ద రచ్చ అయింది, ఆగస్టులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అసెంబ్లీలో, మద్యం షాపులు తప్ప తినే హోటళ్ళు రాత్రి ఒంటిగంట దాకా ఉండొచ్చని చెప్పాల్సి వచ్చింది. మూసేసిన వీధి పోలీసుకి సుఖం, నడిచే ఆడపిల్లకి కాదు. రాజమండ్రి, విజయవాడల్లో బ్లేడ్లతో బెదిరించి దోచుకునే బ్లేడ్ బ్యాచ్ అంటే జనం భయపడేది కూడా మనుషులు లేని చోట్లనే, జనం ఉన్న బజార్లో కాదు.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్ గేట్ ఘటన, అదే యువ వైద్యురాలి మీద అత్యాచారం, హత్య తర్వాత అందరికీ గుర్తున్నది నిందితుల్ని కాల్చేసిన డిసెంబరు 6 ఎన్‌కౌంటరు. పూలు చల్లారు, టపాసులు కాల్చారు. ఆ ఎన్‌కౌంటర్ కట్టుకథ అని 2022లో సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది. కానీ నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా కనపడేది ఆ రాత్రి జరిగిన ఒక చిన్న సంగతి. కూతురు కనపడట్లేదని వెళ్ళిన కుటుంబాన్ని, ఇది మా పరిధి కాదు అని ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి తిప్పారు. ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్ళని సస్పెండ్ చేశారు తర్వాత. మన రక్షణ ఆ టేబుల్ దగ్గర మొదలవుతుంది. ఆ రాత్రి ఎన్ని స్టేషన్లలో ఎంతమందిని ఇలా తిప్పి పంపారో చెప్పే అంకె ఏ వార్షిక ప్రెస్ మీట్లోనూ లేదు.

కెమెరాల సంగతి. 2013 ఫిబ్రవరి దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళ తర్వాత ఉమ్మడి రాష్ట్రం పబ్లిక్ సేఫ్టీ చట్టం చేసింది, వంద మందికి పైగా జనం వచ్చే చోట కెమెరాలు తప్పనిసరి అని. తర్వాత నేను సైతం అంటూ కాలనీల వాళ్ళ చేత చందాలు వేయించి పెట్టించారు. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరిచారు. దొంగని పట్టుకోవడానికి కెమెరా బ్రహ్మాండంగా పనికొస్తుంది, అందులో అనుమానం లేదు. గొడవ ఆపడానికి పనికొస్తుందనే నమ్మకం మాత్రం నాకు లేదు. 2024లో పాల్వాయి గేటు పోలింగ్ బూత్‌లో సిట్టింగ్ ఎమ్మెల్యే ఈవీఎం పగలగొట్టిన దృశ్యం వెబ్‌కాస్టింగ్ కెమెరాలోనే ఉంది. అది జనానికి కనపడటానికి వారం పట్టింది.

మరి ఏం పనిచేసింది? నా లెక్కలో ఈ మధ్య కాలంలో హైదరాబాద్‌లో జరిగిన అన్నిటికన్నా పెద్ద శాంతి పరిరక్షణ పని పోలీసులు చేసింది కాదు. 2023లో గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ రెండూ సెప్టెంబరు 28నే పడ్డాయి. ముస్లిం సంస్థల పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, మిలాద్ ఊరేగింపుని అక్టోబరు 1కి మార్చుకున్నారు. 2024లో మళ్ళీ నిమజ్జనం 17, ఊరేగింపు 19. 2025లోనూ అలాగే వాయిదా వేసుకున్నారు. దీనికోసం ఏ సెక్షనూ పెట్టలేదు. 1990 డిసెంబరు, 2010 మార్చి మత కలహాలు చూసిన ఊరు ఇది, ఎవరో ఒకరు తగ్గితే ఏం మిగులుతుందో ఆ ఊరికి తెలుసు. అయితే ఏటా ఒకరే తగ్గుతున్నారన్న సంగతి కూడా మనం గమనించాలి, వాళ్ళ పెద్దమనసుని హక్కుగా తీసుకోకూడదు. 2024 అక్టోబరు 1న హైదరాబాద్ కమిషనర్ సీవీ ఆనంద్ ఊరేగింపుల్లో డీజేలు నిషేధించింది కూడా రెండు వైపులా పెద్దలతో మాట్లాడాకే, అందుకే అంత పెద్ద గొడవ కాలేదు. నేను చూసిన పీస్ కమిటీ మీటింగులు చాలావరకు టీ, సమోసా, గ్రూప్ ఫొటోతో అయిపోతాయి, పిలిచే పెద్దలు పాతికేళ్ళ నుంచీ వాళ్ళే, మండపాల దగ్గర రాత్రంతా ఉండే ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు ఒక్కరూ కనపడరు. మాట వినాల్సింది వాళ్ళు కదా!

షీ టీమ్స్ కూడా ఇదే బాపతు. 2014 అక్టోబరు 24న మొదలెట్టారు. వాట్సాప్‌లో ఫలానా బస్టాపు దగ్గర ఫలానా టైములో వేధిస్తున్నారు అని చెబితే మఫ్టీలో వెళ్ళి నిలబడతారు. అమ్మాయి స్టేషన్ మెట్లు ఎక్కక్కర్లేదు, పేరు బయటపడదు. ఒక చోటు, ఒక టైము, ఒక ఫిర్యాదు. ఊరంతటికీ ఆర్డరు వేసే పద్ధతికి ఇది పూర్తిగా ఉల్టా.

ఆంధ్రలో దీనికన్నా పెద్ద అవకాశం చేతిలో ఉంది. సుమారు 15 వేల గ్రామ, వార్డు సచివాలయాలు, వాటిలో ఒక్కో మహిళా సంరక్షణ కార్యదర్శి. వాళ్ళకి 2021లో మహిళా పోలీసు అని పేరు పెట్టి యూనిఫాం వేశారు, దాని మీద కోర్టు కేసులు నడిచాయి, సర్వేలకీ పింఛన్లకీ బందోబస్తుకీ తిప్పారు. ఏ ఇంట్లో తాగొచ్చి కొడుతున్నాడు, ఏ సందులో గంజాయి అమ్ముతున్నారు, ఏ గట్టు దగ్గర రేపు కర్రలు లేస్తాయి అన్నది ఆ అమ్మాయిలకి ఎస్పీ కన్నా ముందు తెలుస్తుంది. వాళ్ళు చెప్పింది ఎక్కడ రాస్తున్నారు, రాసింది ఎవరు చదువుతున్నారు?

ఇక నేను అడిగేది పెద్దదేమీ కాదు. 2020 జనవరి 10న కశ్మీర్ ఇంటర్నెట్ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి నిషేధపు ఆర్డర్లు జనానికి కనపడేలా ప్రచురించాలని, కారణాలు రాయాలని, పదే పదే పెట్టుకుంటూ పోవడం అధికార దుర్వినియోగమని చెప్పింది. రెండు రాష్ట్రాల్లో ప్రతి 163 ఆర్డరూ, ప్రతి సెక్షన్ 30 ఆర్డరూ, ప్రతి ఇంటర్నెట్ కట్ ఉత్తర్వూ జిల్లా పోలీసు వెబ్‌సైట్లో పెట్టమనండి, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆఖరు, ఎందుకు, ఆ రోజుల్లో ఆ చోట నిజంగా ఏం జరిగింది. రెండేళ్ళు ఆగక్కర్లేకుండా అల్లర్ల కేసుల్ని స్టేషన్ల వారీగా, కారణాల వారీగా మూడు నెలలకోసారి ఇవ్వమనండి, హత్య గడిలోకి పోయినవి కూడా కలిపి. ఈ వివరాలు వాళ్ళ దగ్గర లేక కాదు, ప్రతి స్టేషన్లో ఊరివారీగా తగాదాలు రాసుకునే రికార్డు దశాబ్దాలుగా ఉంది. పల్నాడులో వచ్చే స్థానిక ఎన్నికల నామినేషన్లకి ఏ ఏ ఊళ్ళలో మనుషుల్ని పెట్టాలో, ఎవరెవర్ని ముందే పిలిచి మాట్లాడాలో అందులో చూస్తే తెలుస్తుంది, జిల్లా మొత్తం పెట్రోలు సీసాలు బంద్ చేయాల్సిన పని ఉండదు.